హంతక బొమ్మల సినిమాల్లో మీకు ఏది నప్పుతుంది? ముందు బొమ్మ నోరు చూడండి

మూడడుగులు కూడా లేని ప్లాస్టిక్ బొమ్మ కూరగాయల కత్తి పట్టుకుని తరుముతుంటే ఆరడుగుల మనిషి ప్రాణభయంతో పరిగెడతాడు. ఎంత సీరియస్‌గా తీసినా ఈ దృశ్యంలో ఎక్కడో ఒక మూల నవ్వు దాక్కునే ఉంటుంది. గట్టిగా ఒక్క తన్ను తంతే గోడకు కరుచుకోవాల్సిన సరుకు అది. ఈ సంగతి సినిమా తీసేవాళ్లకూ తెలుసు. కొందరు ఆ నవ్వును చీకట్లో, వయొలిన్ల మోతలో దాచేయాలని చూస్తారు. ఇంకొందరు దాన్నే పెట్టుబడిగా పెట్టి సినిమా మొత్తం నడిపిస్తారు. ఇక్కడ చెప్పబోయేది ఈ రెండో రకం గురించి.

ఇంగ్లీషువాళ్లు దీన్ని క్యాంప్ అంటారు. మనకు 'అతి' అనే చక్కటి మాట ఉంది. చేస్తున్నది అతి అని తెలిసి, సిగ్గుపడకుండా, ముచ్చటపడి చేసే అతి అన్నమాట. బొమ్మ నోట పచ్చి మాటలు వింటే నవ్వు రావడం తెలుగువాళ్లకేమీ కొత్త కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం గంభీరంగా సాగుతుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి మొగుడూ పెళ్లాల రచ్చ మొదలుపెడతారు. అదే బూతు మనిషి అంటే ఊరి పెద్దలు ఊరుకోరు. బొమ్మ అంటే మాత్రం చెల్లుతుంది. చకీ, టిఫనీ అనే అమెరికా బొమ్మల జంట బతికేది కూడా ఈ లైసెన్సు మీదే. ఇద్దరి చేతుల్లో కత్తులు అదనం.

ఒక తేడా మాత్రం ముందే తెలిసి ఉండాలి. మన హారర్ కామెడీల్లో దెయ్యం భయపెడుతుంది, దాన్ని చూసి జడుసుకునే కమెడియన్లు నవ్విస్తారు. భయం, నవ్వు రెండూ వేరువేరు ట్రాకులు. ఇక్కడ చంపేవాడే జోకులు వేస్తాడు. పక్కన కమెడియన్ ఎవరూ ఉండరు. మన సినిమాల అలవాటుతో కూర్చుంటే మొదటి అరగంట "ఇందులో కామెడీ ఎక్కడ?" అని వెతుక్కోవాల్సి వస్తుంది.

ఎంచుకునేటప్పుడు దర్శకుడెవరు, రేటింగ్ ఎంత అని చూడటం కన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. బొమ్మ ఎంత మాట్లాడుతుంది? నోరు ఎంత ఎక్కువ ఆడితే భయం అంత తగ్గి నవ్వు అంత పెరుగుతుంది. మూగ బొమ్మ ఏం ఆలోచిస్తోందో తెలియదు కాబట్టి భయం. పెళ్లాంతో గిన్నెలు ఎవరు కడగాలని తగువు పడే బొమ్మను చూసి ఎవరు భయపడతారు?

మూగ బొమ్మలు

ఈ కొసన రెండు మంచి సినిమాలున్నాయి. రెండూ నిర్మాత ఛార్ల్స్ బ్యాండ్ బ్యానర్ల నుంచి వచ్చినవే. రెండింటిలోనూ బొమ్మలకు కదలిక ఇచ్చిన పనితనం డేవిడ్ అలెన్‌ది. స్టాప్ మోషన్ పద్ధతి, అంటే బొమ్మను కాస్త కదిపి ఒక ఫ్రేమ్ తీయడం, మళ్లీ కదిపి ఇంకో ఫ్రేమ్ తీయడం. అందుకే ఆ బొమ్మల నడకలో చిన్న కుదుపు ఉంటుంది. గ్రాఫిక్స్‌కు అలవాటు పడిన కళ్లకు మొదట అది లోపంలా అనిపిస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి. బొమ్మ నిజంగా నడిస్తే ఇలాగే నడుస్తుందేమో అనిపించే స్థితికి వస్తారు.

మొదటిది 'డాల్స్' (1987). దర్శకుడు స్టువర్ట్ గోర్డన్, నిడివి 77 నిమిషాలు. తుఫాను రాత్రి, బురదలో దిగబడ్డ కారు, పాత భవంతి, అందులో బొమ్మలు చేసుకునే ముసలి దంపతులు. లోపలికి వచ్చినవాళ్లలో ఒక చిన్నపిల్ల, ఆమె స్వార్థపు తండ్రి, సవతి తల్లి, ఒక అమాయకపు మనిషి, అతని కారెక్కిన ఇద్దరు దొంగబుద్ధి అమ్మాయిలు. ఇది చందమామ కథ లాంటి సినిమా, కాకపోతే నెత్తురు పడుతుంది. మనసులో పసితనం మిగిలినవాళ్లను బొమ్మలు ఏమీ చేయవు. వేలెడంత సైనికుల బొమ్మలు బారులు తీరి, గురిపెట్టి, చిన్నచిన్న తుపాకులు పేల్చే చోట ఈ సినిమా పద్ధతి అంతా తెలిసిపోతుంది. చేసే పని ఘోరం, చేసే తీరు ముద్దు.

రెండోది 'పపెట్ మాస్టర్' (1989). దర్శకుడు డేవిడ్ ష్మోలర్. థియేటర్ల జోలికి పోకుండా నేరుగా వీడియో క్యాసెట్‌గా వచ్చింది. ఇక్కడ ఆకర్షణ అంతా బొమ్మల డిజైన్‌లోనే. బ్లేడ్‌కు ఒక చేతికి కత్తి, రెండో చేతికి కొక్కెం. పిన్‌హెడ్‌కు తల నిమ్మకాయంత, చేతులు మాత్రం మనిషివి. టనలర్ నెత్తిన డ్రిల్లు. జెస్టర్ ముఖం అడ్డంగా మూడు ముక్కలుగా తిరుగుతూ మూడు రకాల భావాలు చూపిస్తుంది. లీచ్ ఉమన్ నోట్లోంచి జలగలు కక్కుతుంది (భోంచేస్తూ చూడకండి). చిక్కల్లా మనుషులతోనే. హోటల్లో చేరిన అతీంద్రియ శక్తుల వాళ్ల మాటలు సాగుతూ ఉంటాయి, బొమ్మలు కాసేపు కనబడి వెళ్లిపోతాయి. మొదటి గంటలో బోర్ కొట్టి ఆపేసినవాళ్లు చాలామంది. ఆ ఓపిక లేకపోతే నేరుగా మూడో భాగానికి (1991) వెళ్లండి. కథ 1941 నాటి బెర్లిన్‌లో జరుగుతుంది, బొమ్మలు నాజీల మీద పగ తీర్చుకుంటాయి. బొమ్మలే హీరోలు అయ్యేసరికి కథకు ఊపు వచ్చింది. ముందు భాగాలు చూడకపోయినా అర్థమవుతుంది.

ఈ రెండింటిలో ఒకటే చూసే సమయం ఉంటే 'డాల్స్' చూడండి. పొట్టి సినిమా, అనవసరపు సీను దాదాపు లేదు.

సగం దాకా మూగ, తర్వాత పచ్చి బూతులు

'చైల్డ్స్ ప్లే' 1988 నవంబరులో వచ్చింది. దర్శకుడు టామ్ హాలండ్, మూలకథ డాన్ మాన్సీనీది, నిడివి 87 నిమిషాలు. షికాగోలో పోలీసుల తూటా తిన్న హంతకుడు ఛార్ల్స్ లీ రే, చచ్చేముందు బొమ్మల దుకాణంలో వూడూ మంత్రం చదివి తన ఆత్మను 'గుడ్ గై' రకం ఆటబొమ్మలోకి పంపేస్తాడు. ఆ బొమ్మే చకీ. ఛార్ల్స్ లీ రే అన్న పేరు ముగ్గురు నిజమైన హంతకుల పేర్లలోంచి తీసి అతికించింది: ఛార్ల్స్ మాన్సన్, లీ హార్వీ ఆస్వాల్డ్, జేమ్స్ అర్ల్ రే. బొమ్మకు గొంతు బ్రాడ్ డూరిఫ్‌ది.

ఇందులో బొమ్మ అసలు రంగు బయటపడేది దాదాపు సగం సినిమా అయ్యాకే. ఆ సీను దగ్గరగా చూడదగ్గది. బొమ్మ మాట్లాడుతోందని కొడుకు మొత్తుకుంటున్నా తల్లి నమ్మదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు బొమ్మ వచ్చిన అట్టపెట్టె ఎత్తుతుంది. అందులోంచి బ్యాటరీలు జారి కింద పడతాయి. ఇన్ని రోజులూ ఈ బొమ్మ కబుర్లు చెప్పింది, కళ్లు తిప్పింది. మరి బ్యాటరీలు ఇక్కడున్నాయే! మెల్లగా బొమ్మను బోర్లా తిప్పి వీపు మీది మూత తీస్తుంది. లోపల ఖాళీ. అప్పుడు బొమ్మ తల గిర్రున తిరుగుతుంది, కంపెనీ నింపిన అదే గొంతుతో పలకరిస్తుంది. పొయ్యిలో పడేస్తానని ఆమె బెదిరించాక అసలు గొంతు, అసలు బూతులు బయటికొస్తాయి. రెండు బ్యాటరీలతో ఇంత భయం పుట్టించిన సీను ఈ జాతిలో ఇంకోటి లేదు. ఆ వెంటనే నవ్వు. లిఫ్టులో ఒక పెద్దావిడ ఆ బొమ్మను చూసి ఎంత వికారంగా ఉందో అని దిగిపోతుంది. ఆమె కనుమరుగయ్యాక మూలనున్న బొమ్మ నోటి నుంచి ఒక్క తిట్టు. నవ్వు, భయం పాళ్లు ఎంతలో కలపాలో తర్వాత వచ్చిన వాళ్లంతా ఇక్కడే నేర్చుకున్నారు.

బొమ్మను తయారుచేసి ఆడించింది కెవిన్ యేగర్ బృందం. ముఖంలో మోటార్లు, కింద నుంచి కేబుళ్లు. పరిగెత్తే షాట్లలో పొట్టి నటుడు ఎడ్ గేల్ బొమ్మ వేషం వేసుకున్నాడు, ఆయన చిన్నగా కనబడటానికి సెట్లో సామాన్లు పెద్దవిగా చేశారు. బొమ్మకు నిజంగా బరువుంది కాబట్టే ఎవరి మీదైనా దూకినప్పుడు వాళ్లు తూలి పడటం నమ్మేట్టుగా ఉంటుంది. గ్రాఫిక్స్ బొమ్మలతో వచ్చే ఇబ్బంది ఇక్కడే: నటుడు గాలితో కుస్తీ పడుతున్నట్టు తెలిసిపోతుంది, భయంతో పాటు నవ్వు కూడా చస్తుంది.

ఇది నచ్చితే రెండో భాగం (1990, 84 నిమిషాలు) కళ్లు మూసుకుని చూడొచ్చు. క్లైమాక్స్ బొమ్మల ఫ్యాక్టరీలో. గుట్టలుగా పేర్చిన ఒకే రకం డబ్బాల మధ్య దాగుడుమూతలు, కరిగిన ప్లాస్టిక్, కన్వేయర్ బెల్టు. మిలిటరీ స్కూల్లో నడిచే మూడో భాగం (1991) వదిలేసినా నష్టం లేదు.

నోరు మూయని బొమ్మలు

నవ్వుకోవడానికే కూర్చుంటే 'బ్రైడ్ ఆఫ్ చకీ' (1998) ముందు పెట్టండి. హాంకాంగ్ సినిమాల నుంచి వచ్చిన రానీ యూ దర్శకుడు, 89 నిమిషాలు. పోలీసు సామాన్ల గదిలో మొదలవుతుంది. అక్కడి షెల్ఫుల్లో పాత హారర్ సినిమాల విలన్ల మాస్కులు, గోళ్ల గ్లవ్ కనబడతాయి. మేం ఆటపట్టించడానికే వచ్చాం అని సినిమా మొదటి నిమిషంలోనే చెప్పేసినట్టు. చకీ ప్రియురాలు టిఫనీగా జెనిఫర్ టిల్లీ. ఆవిడ గొంతులో గోముతనం, కరకుదనం ఒకేసారి పలుకుతాయి. టిఫనీ చచ్చి బొమ్మలోకి వచ్చాక సినిమా భార్యాభర్తల కామెడీగా మారిపోతుంది.

ఒక్క సీనుతో తేల్చుకోవచ్చు. వంటగది కూడా ఉన్న దొంగిలించిన వ్యాన్లో ప్రయాణం. టిఫనీ వంట చేసింది. తిన్నాక గిన్నెలు కడగమంటే చకీ కడగనంటాడు. బందీలుగా ఉన్న కుర్ర జంట సందు చూసుకుని ఇద్దరికీ మధ్య ఇంకాస్త అగ్గి రాజేస్తారు. గొడవ ముదిరి టిఫనీ ఓవెన్లో పడుతుంది, వ్యాను రోడ్డు తప్పుతుంది. బంగారక్క, జుట్టుపోలిగాడు పెట్రోలు బండెక్కారు అనుకోండి. ఇది చదివి నవ్వొస్తే సినిమా మీది. "ఇదేం చోద్యం" అనిపిస్తే 1988 సినిమా దగ్గర ఆగిపోవడం మేలు. ముందు భాగాలు చూడకుండానే 'బ్రైడ్' చూసేయొచ్చు. చకీ ఎవరన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

'సీడ్ ఆఫ్ చకీ' (2004) తోనే ఎక్కువ మంది పొరపాటు పడతారు. కామెడీ అన్నారు కదా అని దీంతో మొదలుపెట్టి, ఇరవై నిమిషాలకే రిమోట్ వెతుక్కుంటారు. మాన్సీనీ మొదటిసారి తనే దర్శకత్వం వహించిన సినిమా ఇది. చకీ, టిఫనీల బిడ్డ గ్లెన్ (గొంతు బిల్లీ బాయిడ్‌ది) చంపడమంటేనే వణికిపోయే సున్నిత మనస్కుడు. జెనిఫర్ టిల్లీ తన సొంత పేరుతోనే, అవకాశాలు తగ్గిన నటిగా తనను తానే వెక్కిరించుకుంటుంది. ఈ 'అతి'కే పెద్దన్న లాంటి దర్శకుడు జాన్ వాటర్స్ ఫొటోలు లాగే పాపరాజీగా వచ్చి చస్తాడు. చివరికి బొమ్మల తయారీదారుణ్ని కూడా వదల్లేదు: ఈ సినిమాకు బొమ్మలు చేసిన టోనీ గార్డ్‌నర్ తన పేరుతోనే కనిపించి తల పోగొట్టుకుంటాడు. ఈ జోకులన్నీ తగలాలంటే 'బ్రైడ్' తప్పకుండా చూసి ఉండాలి. భయం ఇందులో దాదాపు సున్నా. శృంగారపు మోటు హాస్యం మాత్రం దండిగా ఉంది, కాబట్టి పెద్దవాళ్లు పక్కనున్నప్పుడు పెట్టి ఇబ్బంది పడకండి.

చేతిపనిలా కనబడే సరదా కావాలంటే బ్రిటన్ నుంచి 'బెన్నీ లవ్స్ యూ' (2019) ఉంది. రాసి, తీసి, హీరోగా చేసింది ఒక్కడే, కార్ల్ హోల్ట్. నడివయసు దగ్గరపడుతున్నా పిల్లచేష్టలు మానని ఒకడు తన చిన్ననాటి దూది బొమ్మను చెత్తబుట్టలో పడేస్తాడు. అది ప్రేమ చంపుకోలేక తిరిగొచ్చి, అతన్ని ఇబ్బంది పెట్టే వాళ్లందరినీ చంపుతుంది. నెత్తురు విపరీతం, బొమ్మ మాత్రం ఎర్రటి ముద్దుల ముద్ద.

మర్యాదగా మాట్లాడుతూ చంపే బొమ్మ

'మేగన్' అమెరికాలో 2023 జనవరి 6న విడుదలైంది. దర్శకుడు న్యూజీలాండ్‌కు చెందిన జెరార్డ్ జాన్‌స్టన్, 102 నిమిషాలు. సుమారు 1.2 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 18 కోట్ల దాకా వసూలైంది. వెతికేటప్పుడు ఒక చిట్కా: ఇంగ్లీషు స్పెల్లింగులో 'ఈ' అక్షరం బదులు 3 అంకె ఉంటుంది, అలా కొడితేనే త్వరగా దొరుకుతుంది.

ఇక్కడ ఆత్మలు, మంత్రాలు లేవు. తల్లిదండ్రులు పోయిన పాపను పెంచడం చేతకాని రోబో ఇంజనీరు పిన్ని, ఆ పని కృత్రిమ మేధ ఉన్న నాలుగడుగుల బొమ్మకు అప్పగిస్తుంది. చకీ బూతులతో నవ్విస్తే మేగన్ మంచితనంతో నవ్విస్తుంది. వాక్యం మధ్యలో ఆగి, తల ఒక పక్కకు వంచి, స్కూలు టీచరమ్మలా సలహా చెబుతుంది. పాపను నిద్రపుచ్చడానికి హిట్టయిన పాప్ పాట ఎత్తుకుంటుంది. ఆ పాట అక్కడ ఎంత అసందర్భమో పాడేదానికి తెలియదు, సినిమాకు తెలుసు. ఆఫీసు కారిడార్లో బాస్ వెంటపడేముందు ఒళ్లు విరుచుకుంటూ నాట్యం చేసి, కాగితాలు కోసే కట్టర్ నుంచి ఊడబీకిన బ్లేడుతో ముందుకొస్తుంది. ఆ డాన్సుకు కథలో ఏ కారణమూ లేదు. అదే దాని అందం. శరీరం ఆడించింది న్యూజీలాండ్ బాల నర్తకి ఎమీ డొనాల్డ్, గొంతు జెన్నా డేవిస్‌ది.

అమెరికాలో దీనికి పీజీ-13 రేటింగు (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దలు జాగ్రత్త పడాలని). నెత్తురు అంతంత మాత్రమే. హారర్ అలవాటు లేనివాళ్లతో చూడటానికి ఈ మొత్తంలో ఇదే సులువు. నెత్తురు కాస్త ఎక్కువ కావాలంటే 'అన్‌రేటెడ్' అని విడిగా ఉన్న కట్ వెతకండి. తేడా కొన్ని సెకన్లదే, కొత్త కథేమీ ఉండదు. 2025లో వచ్చిన రెండో భాగం యాక్షన్ కామెడీ బాట పట్టింది. రెండు గంటల నిడివి ఈ జాతికి ఎక్కువ. మొదటిది బాగా నచ్చిన వాళ్లకే.

యంత్రం బొమ్మే కావాలి, కానీ మోటుగా, నెత్తుటితో ఉండాలి అంటే 2019 'చైల్డ్స్ ప్లే' ఉంది. పేరు ఒకటే కావడంతో 1988 సినిమా అనుకుని దీన్ని పెట్టేసేవాళ్లున్నారు, విడుదల సంవత్సరం చూసుకోండి. ఇందులో వూడూ లేదు. ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు కోపంతో భద్రతా అడ్డుకట్టలన్నీ తీసేసిన స్మార్ట్ బొమ్మ కథ, గొంతు మార్క్ హామిల్‌ది. పిల్లలు హారర్ సినిమాలో నరుకుడు చూసి కిలకిలా నవ్వుతుంటే, ఇలా చేస్తే వీళ్లకు ఇష్టమన్నమాట అని బొమ్మ నేర్చుకుంటుంది. ఆ ఒక్క ఆలోచన బాగుంది. కానీ ఈ బొమ్మ పాపం అనిపిస్తుంది తప్ప పొగరు చూపదు, పొగరు లేని చకీ ఉప్పు లేని పప్పే.

నవ్వు ఆశించి కూర్చోకూడనివి

'అనబెల్' సినిమాలు బొమ్మ పేరు మీద వచ్చినా ఆ బొమ్మ లేచి నడవదు, నోరు తెరవదు. నిఖార్సయిన దెయ్యం సినిమాలవి. 'ది బాయ్' (2016), ఆంథోనీ హాప్‌కిన్స్ నటించిన 'మ్యాజిక్' (1978) కూడా సీరియస్ సరుకే. జేమ్స్ వాన్ తీసిన 'డెడ్ సైలెన్స్' (2007) మధ్యలో ఉంటుంది. బొమ్మ లేచి నడవదు గానీ సినిమా మాత్రం అతిని దాచుకోలేదు. కావాలని చేయకుండానే అతి అయిపోయిన ముచ్చట చూడాలనుంటే 1996 హిందీ 'పాపీ గుడియా' ఉంది. కరిష్మా కపూర్ నాయిక, శక్తి కపూర్ ఆత్మ బొమ్మలో. 1988 కథకు పాటలు, సెంటిమెంటు కలిపి వండారు. అక్కడ నవ్వు వచ్చేది మనకే, తీసినవాళ్లకు రాలేదు.

చూసే ముందు

చకీ సినిమాలను డబ్బింగులో చూడకండి. బ్రాడ్ డూరిఫ్ గొంతులో ఒక చికాకు ఉంటుంది, మంచి హోదాలో ఉన్నవాడు పిల్లల బట్టల్లో ఇరుక్కుపోయినట్టు. ఆ గొంతు తీసేస్తే మిగిలేది రబ్బరు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఇంగ్లీషులోనే చూడండి. టీవీ చానల్లో వచ్చే కోత వెర్షన్ ఇంకా దండగ: బూతులు మ్యూట్ చేస్తే చకీ మాటల్లో సగం గాలికి పోతాయి. మేగన్‌కు ఈ బెడద తక్కువ.

ఒంటరిగా చూస్తే 1988 సినిమా, 'డాల్స్' బాగుంటాయి. 'బ్రైడ్', 'మేగన్' నలుగురైదుగురితో చూస్తేనే పండుతాయి. గదిలో ఒకరు నవ్వితేనే మిగతావాళ్లకు నవ్వొచ్చే సీన్లు వాటిలో చాలా ఉన్నాయి. ఒక రాత్రికి రెండు పెట్టుకోవాలంటే 1988 సినిమా, 'బ్రైడ్' కలిపి 176 నిమిషాలు. మేగన్, 'డాల్స్' కలిపి 179. రెండు జతలూ మూడు గంటల లోపే. వరస మాత్రం మార్చకండి. నోరు మూయని చకీని ముందు చూసేస్తే, తర్వాత బ్యాటరీల సీనులో భయం పుట్టదు.

పిల్లల సంగతి. బొమ్మ సినిమా కదా అని పక్కన కూర్చోబెట్టుకోకండి. చకీ సినిమాలన్నీ అమెరికాలో ఆర్ రేటింగువే (పదిహేడేళ్ల లోపు వాళ్లకు పెద్దలు తోడుండాలి). బొమ్మలతో పడుకునే వయసు పిల్లలకు మేగన్ కూడా వద్దు.

'సీడ్' దాకా నచ్చుతూ వచ్చిందంటే 2021 నుంచి 2024 దాకా వచ్చిన 'చకీ' సీరియల్ ఉంది: మూడు సీజన్లు, ఒక్కోదానిలో 8 ఎపిసోడ్లు. నేరుగా అందులో దూకితే 'నీకా' అనే అమ్మాయి ఎవరో, ఒకేసారి ఇన్ని చకీలు ఎలా వచ్చారో అర్థం కాదు. ముందు 'కర్స్ ఆఫ్ చకీ' (2013), 'కల్ట్ ఆఫ్ చకీ' (2017) చూడండి. వీటిలో నీకాగా చేసింది బ్రాడ్ డూరిఫ్ సొంత కూతురు ఫియోనా. 'కర్స్' మళ్లీ భయం వైపు మళ్లిన సినిమా, ఒక పాత ఇంట్లో ఒకే రాత్రి కథ. అందులో బొమ్మ చాలాసేపు నోరు విప్పదు.